విజయవాడ హైవే మీద స్పీడ్ గన్‌లు: రాడార్ డిటెక్టర్ కొంటే ఉపయోగం ఉంటుందా?

కోదాడ_కారు
అందరికీ నమస్తే. పని మీద హైదరాబాద్–విజయవాడ రోడ్డులో తరచూ తిరుగుతుంటాను. ఈ మధ్య వరసగా ఓవర్ స్పీడ్ చలాన్లు వస్తున్నాయి. చివరిది 80 బోర్డు ఉన్న చోట 94 అని. పట్టపగలు, వాన లేదు, రోడ్డు ఖాళీ. గన్ ఎక్కడ పెట్టారో నాకు ఇప్పటికీ తెలియదు. మా బావ సంక్రాంతికి అమెరికా నుంచి వస్తున్నాడు. అక్కడ రాడార్ డిటెక్టర్లు మామూలుగా షాపుల్లో అమ్ముతారట, తెమ్మంటావా అని అడిగాడు. రేటు చూస్తే ఆ డబ్బుకు మంచి ఫోన్ వచ్చేలా ఉంది. మన రోడ్ల మీద అది పనిచేస్తుందా? వాడినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. "నెమ్మదిగా వెళ్లు బాబూ" అనే సలహా మా ఇంట్లో ఉచితంగానే దొరుకుతోంది, అదొక్కటి వద్దు.

రేడియో_రమణ
మీ బావగారిని వేరే ఏదైనా తెమ్మనండి.

రాడార్ డిటెక్టర్ అంటే ఒక రేడియో రిసీవర్. రాడార్ గన్ రేడియో తరంగాలు వదులుతుంది, అవి కారుకు తగిలి వెనక్కి వస్తాయి. కారు కదులుతోంది కాబట్టి వెనక్కి వచ్చిన తరంగం ఫ్రీక్వెన్సీ కొంచెం మారుతుంది. ఆ తేడాను బట్టి వేగం లెక్కగడతారు. ఇంటర్‌లో చదివిన డాప్లర్ ఎఫెక్టే ఇది. ఈ తరంగాలు రోడ్డంతా పరుచుకుంటాయి కాబట్టి, పోలీసు ముందున్న లారీ వేగం కొలుస్తుండగానే చాలా వెనక వస్తున్న మీ డిటెక్టర్ పసిగట్టేస్తుంది. అమెరికాలో జనం కొనేది అందుకే.

మన దగ్గర ట్రైపాడ్ మీద పెట్టి, లేదా ఇంటర్‌సెప్టర్ బండిలోంచి కొట్టేవి ఎక్కువగా లేజర్ గన్‌లు. అందులో రేడియో లేదు, కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ వెలుగు. 300 మీటర్ల దూరంలో కూడా ఆ కిరణం వెడల్పు ఒక మీటరు మించదు. సూటిగా మీ నంబర్ ప్లేటు మీద పెట్టి నొక్కుతారు, అర సెకను లోపే వేగం వచ్చేస్తుంది. పక్క లేన్‌లో ఉన్నవాడికి కూడా ఆ వెలుగు అందదు. లేజర్ సెన్సర్ ఉన్న డిటెక్టర్ కూడా మోగేది మీ కారు మీద కిరణం పడ్డాకే, అంటే మీ వేగం రికార్డయ్యాకే. అప్పుడు బ్రేక్ వేస్తే వెనకవాడు మిమ్మల్ని తిట్టుకోవడం తప్ప జరిగేదేమీ లేదు.

పైగా మాల్స్‌లో ఆటోమేటిక్ తలుపులకు, కొన్ని కార్లలో బ్లైండ్ స్పాట్ సెన్సర్లకు వాడేది కూడా 24 గిగాహెర్ట్జ్ దగ్గరి తరంగాలే. పోలీసు రాడార్‌లో కె బ్యాండ్ అన్నా అదే. ఊళ్లోకి రాగానే ఊరికే కూస్తూ ఉంటుంది.

కోదాడ_కారు
థాంక్స్ అన్నా, ఇంత వివరంగా చెప్పినందుకు. మరి లేజర్ గన్‌ను కొలవనీయకుండా అడ్డుకునే లేజర్ జామర్ అని ఒకటి ఉంటుందట కదా, దాని సంగతి?

నిర్వాహకుడు
జామర్లు, నంబర్ ప్లేటు మడవడం, ప్లేటు మీద మాస్కు తగిలించడం, అంకె చెరిపేయడం... ఇవి ఇక్కడ వద్దు. ఇలాంటి పనులకు చలాన్‌తో పోకుండా చీటింగ్ కేసు పెట్టిన సందర్భాలు ఉన్నాయి. "ఎలా చేయాలి" అని చెప్పే పోస్టులు తీసేస్తాను. మిగతా చర్చ సాగించండి.

డిప్పర్_దాస్
డిటెక్టర్ ఎందుకండీ, ఎదురుగా వచ్చేవాడు లైట్లు కొడతాడుగా! నా చిన్నప్పటి నుంచి ఈ దేశంలో బాగా పనిచేస్తున్న టెక్నాలజీ అదొక్కటే.

కోదాడ_కారు
ఫోర్ లేన్ అయ్యాక మధ్యలో డివైడర్, దాని మీద చెట్లు. పగటి పూట ఎవరి లైట్లు ఎవరికి కనిపిస్తాయి గురూ. ఇప్పుడంతా గూగుల్ మ్యాప్స్ చెప్పాల్సిందే. అది కూడా ఎక్కువగా స్థిరంగా ఉన్న కెమెరాలే చెబుతుంది, పొద్దున ఒక చోట, సాయంత్రం ఒక చోట పెట్టే గన్‌ల సంగతి ఎవరైనా రిపోర్ట్ చేస్తే తప్ప దానికీ తెలియదు.

యాష్‌బర్న్_అబ్బాయి
బావగారు అమెరికాలో ఏ రాష్ట్రమో కనుక్కోండి. మా వర్జీనియాలో రాడార్ డిటెక్టర్ కారులో పెట్టుకుని తిరగడమే నేరం. పక్కనే వాషింగ్టన్ డీసీలోనూ అంతే. మిగతా రాష్ట్రాల్లో మామూలు కార్లకు ఇబ్బంది లేదు. పెద్ద లారీలకు, బస్సులకు మాత్రం 1990ల నుంచి దేశమంతటా నిషేధం.

ఇక్కడి తెలుగువాళ్లకు అసలు టెన్షన్ డిటెక్టర్ గురించి కాదు. వర్జీనియాలో గంటకు 85 మైళ్లు దాటినా, పెట్టిన పరిమితి కంటే 20 మైళ్లు ఎక్కువ వెళ్లినా అది స్పీడింగ్ టికెట్ కాదు, రెక్‌లెస్ డ్రైవింగ్. అంటే క్రిమినల్ కేసు. కోర్టుకు వెళ్లాలి. టికెట్ పడిన వారంలో ఇంటి పోస్ట్‌బాక్స్ నిండా "మీ కేసు మేం వాదిస్తాం" అని లాయర్ల ఉత్తరాలే. హెచ్1బీ వీసా మీద ఉన్నవాడైతే వీసా స్టాంపింగ్‌కు వెళ్లినప్పుడు ఫారంలో ఏం రాయాలి అని నెలల తరబడి నిద్ర ఉండదు. కొత్తగా వచ్చిన పిల్లలకు మేం మొదట చెప్పేది ఇదే. ఇండియాలో వెయ్యి కట్టి మర్చిపోతారు కాబట్టే అక్కడ భయం లేదని నా అభిప్రాయం.

ఎయిర్‌పోర్ట్_క్యాబ్
వెయ్యి కట్టి మర్చిపోయేది ఎవరు అన్నా? నేను క్యాబ్ నడుపుతాను. బండి ఓనర్‌ది, చలాన్ మెసేజ్ ఓనర్‌కు పోతుంది, పైసలు నా లెక్కలో కట్ అయితయి. వెయ్యి, మీద 35 యూజర్ చార్జీ. ఆ రోజు డీజిల్ పోను మిగిలేది అంతకంటే తక్కువ.

మా బండ్లకు 80కి స్పీడ్ గవర్నర్ ఉంటుంది. కస్టమర్ రెండు గంటల ముందు బయల్దేరాల్సింది గంట ముందు బయల్దేరి, "ఫ్లైట్ మిస్ అయితది, కొంచెం తొక్కు అన్నా" అంటాడు. తొక్కితే గవర్నర్ ఆపుతుంది. ఔటర్ రింగ్ రోడ్డు మీద నేను 80లో పోతుంటే వెనక నుంచి 140లో వచ్చి హారన్ కొట్టేవాడు ఒకడు. బండి మెల్లగా పోతోందని రేటింగ్ తగ్గించేవాడు ఇంకొకడు. గవర్నర్ తీయించిన దోస్తులు ఉన్నరు, చలాన్లు వాళ్లకే ఎక్కువ.

స్పీడ్ కెమెరా ఉండాలనే అంటాను. కానీ చలాన్ మీద "ఎవరు తొక్కమన్నారు" అనే కాలమ్ కూడా పెట్టాలి.

హైవే_పక్కిల్లు
ఇంతసేపటి నుంచి చదువుతున్నాను. అందరూ కారులో కూర్చునే మాట్లాడుతున్నారు. నేను అదే రోడ్డు పక్క ఊళ్లో ఉంటాను. ఊరు ఒక వైపు, బడి, పొలాలు, రేషన్ షాపు ఇంకో వైపు. అండర్‌పాస్ ఉంది కానీ ఊరి చివర. వాన పడితే అందులో నీళ్లు. మావాళ్లు డివైడర్ ఎక్కి దాటుతారు, తప్పే. తల మీద గడ్డిమోపు పెట్టుకున్న ముసలామెను ఊరి చివరి దాకా నడిచి తిరిగి రమ్మంటే వస్తుందా?

"రోడ్డు ఖాళీ" అని రాశారు కోదాడ తమ్ముడు. మీకు కనపడేది ఖాళీ రోడ్డు. డివైడర్ చెట్ల వెనకాల నిలబడి, ఎప్పుడు దాటుదామా అని చూస్తున్న మనిషి మీకు కనపడదు. ఆమె మాత్రం మీ కారును చూస్తూనే ఉంటుంది. చూసినా అంత దూరంలో ఉన్న కారు ఎంత వేగంగా వస్తోందో తెలియదు. ట్రాక్టరు వేగం, బస్సు వేగం తెలిసిన కళ్లు అవి. వంద మీద వచ్చే కారును అంచనా వేయలేవు. ఇంకా దూరం ఉందిలే అని దిగుతారు.

మా ఊరి దగ్గర గన్ పెట్టిన రోజు హారన్ల మోత కూడా తగ్గుతుంది. రోజూ పెట్టమనండి, దాచి పెడతారో చూపించి పెడతారో మీ ఇష్టం.

కోదాడ_కారు
అక్కా, మీ బాధ అర్థమైంది. కానీ దానికి నా మీద చలాన్ వేస్తే పరిష్కారమా? టోల్ కడుతున్నాం. పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు, వరసగా కడుతూనే ఉన్నాం. ఫుట్ ఓవర్ బ్రిడ్జి కట్టాల్సింది ఎవరు, సర్వీస్ రోడ్డు వేయాల్సింది ఎవరు? వాళ్లను వదిలేసి 94లో వెళ్లినవాడిని పట్టుకోవడం సులువు కాబట్టి పట్టుకుంటున్నారు. 80కీ 94కీ ఎంత తేడా అండీ? 14.

లెక్కల_మాస్టారు
రిటైరయ్యాక ఈ ఫోరం చదవడమే నా కాలక్షేపం. బాబూ, ఆ 14 సంగతి ఒకసారి చూద్దాం. మీ అంకెలే తీసుకుంటాను.

పొడి రోడ్డు, మంచి టైర్లు, మంచి బ్రేకులు అనుకుందాం. ఎదురుగా మనిషి కనపడ్డాక కాలు బ్రేక్ మీదకు రావడానికి ఒక సెకను పడుతుంది. ఆ సెకనులో 80లో వెళ్లే కారు 22 మీటర్లు పోతుంది. తర్వాత బ్రేక్ పట్టి ఆగడానికి ఇంకో 35. మొత్తం 57, 58 మీటర్లు. అదే 94లో ఉంటే మొదటి సెకనులోనే 26 మీటర్లు, ఆగడానికి 49. మొత్తం 75.

ఇప్పటిదాకా తెలిసిందే. అసలు విషయం ఇక్కడుంది. 80లో వచ్చిన కారు పూర్తిగా ఆగిపోయిన చోట, 94లో వచ్చిన కారు వేగం ఎంత ఉంటుంది? 14 అనుకుంటారు చాలామంది. బడిలో పిల్లలూ అదే చెప్పేవారు. లెక్క వేస్తే 56 వస్తుంది. వేగం వర్గంతో పాటు శక్తి పెరుగుతుంది కాబట్టి, బ్రేక్ వేసినప్పుడు వేగం చివర్లోనే ఎక్కువగా పడిపోతుంది, మొదట్లో పెద్దగా తగ్గదు. కాబట్టి ఆ ముసలామె దగ్గరికి ఒక కారు ఆగిపోయి వస్తుంది, రెండోది 56లో వస్తుంది.

ఇక లాభం సంగతి. పది కిలోమీటర్లు 80లో వెళ్తే ఏడున్నర నిమిషాలు, 94లో వెళ్తే ఆరు నిమిషాల 23 సెకన్లు. నిమిషం పైచిలుకు మిగులుతుంది. అది తర్వాతి టోల్ దగ్గర ఫాస్టాగ్ బ్యాలెన్స్ లేనివాడి వెనక నిలబడితే పోతుంది.

కోదాడ_కారు
మాస్టారూ, లెక్క బాగుంది. ఒప్పుకోను అనలేను. కానీ ఇదే లెక్కతో 60 బోర్డు పెట్టి, 80లో వెళ్లేవాడు హంతకుడని కూడా చూపించొచ్చు. తర్వాత 40. అలా అయితే ఎక్కడ ఆగాలి?

లెక్కల_మాస్టారు
మంచి ప్రశ్న. దానికి లెక్కలో సమాధానం లేదు. ఆ రోడ్డు మీద మీతో పాటు ఇంకెవరున్నారు అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఔటర్ రింగ్ రోడ్డు మీద పాదచారులు లేరు, బైకులకు అనుమతి లేదు, రెండు వైపులా కంచె. అక్కడ 120 పెట్టగలిగారు. విజయవాడ రోడ్డు కూడా వెడల్పులో పెద్దదే. కానీ అందులో ఊళ్లు ఉన్నాయి, రాంగ్ రూట్లో పాల క్యాన్లతో వచ్చే బైకులు ఉన్నాయి. రోడ్డు అది ఇది ఒకటే అనిపించేది డ్రైవర్‌కు మాత్రమే.

చలాన్_బాధితుడు
అందరూ పోలీసులను సమర్థిస్తున్నారు కాబట్టి రెండో వైపు నేను చెబుతాను.

ఒకటి, బోర్డులు. ఔటర్ మీదే చూడండి. 100 అన్నారు, 2023లో మళ్లీ 120 అన్నారు. రోడ్డు అదే, కార్లు అవే. 2023కు ముందు 115లో వెళ్లి చలాన్ కట్టినవాడు ప్రమాదకరమైన డ్రైవరా, ఇప్పుడు అదే వేగంలో వెళ్లేవాడు బుద్ధిమంతుడా? 2018లో కేంద్రం ఎక్స్‌ప్రెస్‌వేల మీద కార్లకు 120, నాలుగు లేన్ల డివైడర్ రోడ్ల మీద 100 దాకా అనుమతించింది. రాష్ట్రాలు, స్థానిక అధికారులు అంతకంటే తగ్గించుకోవచ్చు. తగ్గించారు. ఏ లెక్కన తగ్గించారో బోర్డు చూస్తే తెలియదు. ఒక్కో చోట 80 బోర్డు, రెండు కిలోమీటర్లకు 60, మళ్లీ ఎక్కడ 80 మొదలైందో చెప్పే బోర్డే ఉండదు.

రెండు, దాచిపెట్టడం. చెట్టు వెనక, ఫ్లైఓవర్ దిగే చోట, గ్రేడియంట్ వల్ల బండి దానంతటదే వేగం అందుకునే చోట పెడతారు. ప్రమాదాలు జరిగే మలుపు దగ్గర ఎందుకు పెట్టరు? అక్కడ అందరూ భయంతో నెమ్మదిగానే వెళ్తారు కాబట్టి కలెక్షన్ ఉండదు.

మూడోది నాకు బాగా మండేది. డిస్కౌంట్లు. 2022 మార్చిలో తెలంగాణలో పెండింగ్ చలాన్ల మీద బైకులకు 75 శాతం, కార్లకు 50 శాతం తగ్గించారు. 2023 డిసెంబర్ చివర్లో మళ్లీ. బైకులకు 80 శాతం, కార్లకు 60 శాతం. గడువు కూడా ఫిబ్రవరి దాకా పొడిగించారు. వచ్చిన రోజే పూర్తిగా కట్టిన నేను వెర్రివాడిని. ఏళ్ల తరబడి కట్టనివాడికి పండగ ఆఫర్. ఇది రోడ్డు భద్రత అంటే ఎవరు నమ్ముతారు? ఆషాఢం సేల్ అనండి, ఒప్పుకుంటాను.

డిప్పర్_దాస్
ఒకటి కొంటే ఒకటి ఫ్రీ ఎప్పుడు పెడతారో 😀

ప్లీడరు_గుమాస్తా
చలాన్_బాధితుడు గారి మూడో పాయింటుతో పూర్తిగా ఏకీభవిస్తాను. రెండో పాయింటుకు చట్టంలో సమాధానం ఉంది, చాలామందికి తెలియదు.

2019లో మోటారు వాహనాల చట్టం సవరించినప్పుడు 136ఎ అనే సెక్షన్ చేర్చారు. జాతీయ, రాష్ట్ర రహదారులు, పెద్ద నగరాల రోడ్ల మీద ఎలక్ట్రానిక్ నిఘా పెట్టాలని. దాన్ని అమలు చేయడానికి 2021 ఆగస్టులో 167ఎ రూల్ వచ్చింది. అందులో మనకు పనికొచ్చేవి చెబుతాను. కెమెరా ఉన్నట్టు తెలిపే హెచ్చరిక బోర్డులు అందరికీ కనపడేలా పెట్టాలి. ఆ పరికరానికి ఆమోద సర్టిఫికెట్ ఉండాలి, దాన్ని ఏటా రెన్యువల్ చేయించాలి. చలాన్‌లో బండి నంబర్ కనపడే ఫొటో, యంత్రం కొలిచిన వేగం, తేదీ, సమయం, చోటు ఉండాలి. నేరం జరిగిన 15 రోజుల్లోపు నోటీసు పంపాలి. ప్రమాదాలు ఎక్కువగా జరిగే కారిడార్లలో, కీలకమైన జంక్షన్లలో పెట్టేలా చూడాలని కూడా రాసి ఉంది. 2024లో సుప్రీంకోర్టు వీటిని అమలు చేయమని రాష్ట్రాలను అడిగింది కూడా.

జరిమానా సంగతి. సెక్షన్ 183 ప్రకారం కార్ల వంటి తేలిక వాహనాలకు వెయ్యి నుంచి రెండు వేలు, మధ్యరకం, భారీ వాహనాలకు రెండు వేల నుంచి నాలుగు వేలు. మళ్లీ అదే తప్పు చేస్తే లైసెన్స్ స్వాధీనం చేసుకునే అధికారం కూడా ఉంది.

"గన్ కనపడలేదు కాబట్టి చలాన్ చెల్లదు" అని మాత్రం కోర్టుకు వెళ్లకండి. బోర్డు లేదు, నోటీసు ఆలస్యంగా వచ్చింది, ఫొటోలో నంబర్ స్పష్టంగా లేదు... ఇలాంటివి ఉంటే అడగడానికి ఆధారం ఉంటుంది.

అబుదాబి_డ్రైవర్
అన్నలారా, నాది నిజామాబాద్ జిల్లా. పొట్ట కూటికి అబుదాబిలో బండి నడుపుతున్నా. ఇక్కడి ముచ్చట ఒకటి చెప్తా.

ముందు ఇక్కడ బఫర్ అని ఉండేది. బోర్డు మీద 120 ఉంటే 140 దాకా కెమెరా కొట్టదు. అందరికీ తెలుసు. కాబట్టి అందరూ 139లో పోయేటోళ్లు. 2018 ఆగస్టుల అబుదాబి ఆ 20 తీసేసింది. 120 బోర్డు తీసి 140 బోర్డు పెట్టింది. 140 అంటే 140, ఒక్కటి ఎక్కువైనా కొడుతుంది. బోర్డు మీద ఏముందో అదే మాట, లోపల ఇంకో లెక్క లేదు. దుబాయ్‌ల మాత్రం 20 బఫర్ ఇంకా ఉంది. 

రాడార్ డిటెక్టర్ ఇక్కడ నిషేధం. అయినా ఎవరికీ అవసరం లేదు, కెమెరాలు రోడ్డు పక్కనే పెద్ద డబ్బాల లెక్క కనిపిస్తయి. ఫైన్లు మన పైసలల్ల చూస్తే గుండె ఆగుతది. డిస్కౌంట్ ఇక్కడ కూడా ఉంది. కానీ రెండు నెలల్లోపు కట్టినోనికి 35 శాతం, ఏడాదిలోపు కడితే 25 శాతం. ముందు కట్టినోనికే ఎక్కువ. మన దగ్గర ఉల్టా.

చలాన్_బాధితుడు
చూశారా? ఇదే నేను చెప్పేది. ముందు కట్టినవాడికి తగ్గించండి. మనవాళ్లు దీన్నెందుకు కాపీ కొట్టరు!

ఎయిర్‌పోర్ట్_క్యాబ్
తమ్మీ, గల్ఫ్‌ల కెమెరా కొడితే అరబ్బీ షేక్‌కైనా పడతది. ఇక్కడ స్టిక్కర్ ఉన్న బండి నా పక్క నుంచి 150లో పోతే ఎవరూ అడగరు. కెమెరా అయితే స్టిక్కర్ చూడదు కదా, అందుకే నాకు మనిషి పట్టుకునే గన్ కంటే స్తంభం మీద కెమెరాయే మంచిగ అనిపిస్తది.

బెంగళూరు_బాబాయ్
స్తంభం మీద కెమెరా సరే, దాని కింద అందరూ 80కి దిగి, వంద మీటర్లు దాటాక మళ్లీ 120కి ఎక్కుతారు. ఆ బ్రేకులతో వెనకవాళ్లకు ప్రమాదం అదనం. దీనికి మందు సగటు వేగం కెమెరా. ముంబై–పుణె ఎక్స్‌ప్రెస్‌వే మీద పెట్టారు. ఒక చోట మీ నంబర్ ప్లేటు చదువుతుంది, కొన్ని కిలోమీటర్ల తర్వాత ఇంకోటి చదువుతుంది. మధ్య దూరాన్ని పట్టిన సమయంతో భాగిస్తే అయిపోయింది. పది కిలోమీటర్లు దాటడానికి 100 పరిమితిలో ఆరు నిమిషాలు పట్టాలి, మీరు ఐదు నిమిషాల్లో తేలితే 120లో వచ్చినట్టే. గన్ అక్కర్లేదు, డిటెక్టర్ పట్టుకోవడానికి తరంగమే లేదు.

మా బెంగళూరు–మైసూరు రోడ్డు కొత్తగా తెరిచినప్పుడు రోజూ పేపర్లో చావు వార్తలే. 2023 ఆగస్టు నుంచి మెయిన్ రోడ్డు మీద బైకులు, ఆటోలు, ట్రాక్టర్లు ఆపేశారు, కెమెరాలు పెట్టారు. ఇప్పుడు ఆ దారిలో వెళ్తుంటే కార్లు ఒకే వేగంలో వెళ్లడం కళ్లకు కనపడుతుంది. బైకులవాళ్లకు మాత్రం అన్యాయమే జరిగింది, గతుకుల సర్వీస్ రోడ్డు వాళ్లకు మిగిలింది. అది వేరే చర్చలో ఇదివరకే పోట్లాడుకున్నాం.

డిప్పర్_దాస్
సగటు వేగం కెమెరా విజయవాడ రోడ్డు మీద పెడితే సూర్యాపేట హోటళ్లకు పండగే. 120లో తొక్కి, దిగి తాపీగా ఇడ్లీ, దోసె, రెండు కాఫీలు, ఒక కిళ్లీ. సగటు 70కి వచ్చేస్తుంది.

బెంగళూరు_బాబాయ్
అందుకే వాటిని తక్కువ దూరానికి, మధ్యలో ఆగడానికి ఏమీ లేని చోట పెడతారు దాస్ గారూ. ఘాట్‌లు, సొరంగాలు, పొడవాటి వంతెనలు. అయినా సూర్యాపేటలో అరగంట కూర్చున్నవాడు కొంత అలసట తీరి బండెక్కుతాడు, అది కూడా భద్రతే.

రేడియో_రమణ
మధ్యలో ఒక చిన్న టెక్నికల్ విషయం. మీటరులో 104 చూపిస్తుంటే మీ అసలు వేగం 100 దగ్గర ఉండొచ్చు. స్పీడోమీటర్ అసలు వేగం కంటే తక్కువ చూపకూడదు, కొంత ఎక్కువ చూపవచ్చు అన్నది అంతర్జాతీయ ప్రమాణం. కంపెనీలు అందుకే కొంచెం ఎక్కువకే సెట్ చేస్తాయి. ఫోన్‌లో జీపీఎస్ వేగంతో పోల్చి చూడండి. కాబట్టి "నా మీటరులో 80యే ఉంది, గన్ 94 అంది" అనేవాళ్ల మాట నాకు నమ్మబుద్ధి కాదు, టైర్లు పెద్ద సైజువి మార్చుకున్నవాళ్లయితే తప్ప.

2019 జూలై తర్వాత వచ్చిన కార్లలో 80 దాటితే అప్పుడప్పుడు, 120 దాటితే ఆపకుండా బీప్ వస్తుంది. చాలామంది దాన్ని తీయించుకోవడానికి మెకానిక్‌ల చుట్టూ తిరుగుతున్నారు. ఊరికే వచ్చిన డిటెక్టర్‌ను తీయించేసి, డబ్బిచ్చి ఇంకోటి కొనడం మనకే చెల్లింది.

చలాన్_బాధితుడు
ఒక గణాంకం మీద నాకు అనుమానం. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని, అందులో 71 శాతం అతివేగం వల్లనేనని కేంద్రం నివేదిక. అంత ఎలా వస్తుంది? గుంత వల్ల పడినా, లైట్ లేని లారీని గుద్దినా ఎఫ్ఐఆర్‌లో "అతివేగంగా, నిర్లక్ష్యంగా" అని ఒకే వాక్యం రాస్తారు. ఆ వాక్యాన్నే లెక్కలో కలుపుతారు. అప్పుడు పరిష్కారం కూడా ఒకటే కనపడుతుంది, కెమెరా.

ప్లీడరు_గుమాస్తా
ఎఫ్ఐఆర్ భాష గురించి మీరన్నది నిజం. రోజూ చూస్తుంటాం. కానీ అదే నివేదికలో ఇంకో లెక్క ఉంది. చనిపోయినవాళ్లలో 44 శాతానికి పైగా టూవీలర్ల మీద ఉన్నవాళ్లు, 19 శాతానికి పైగా నడిచి వెళ్లేవాళ్లు. ఇది ఎఫ్ఐఆర్ వాక్యం మీద ఆధారపడదు, శవం ఎవరిదో తెలిస్తే చాలు. కారులో ఉన్నవాడికి ఎయిర్‌బ్యాగ్ ఉంది. గుంత ఉన్నా, లైట్ లేకపోయినా, ఎదురుగా వచ్చిన వాహనం వేగం తక్కువైతే వాళ్లలో కొందరు బతికేవారు.

హైదరాబాద్ బయోడైవర్సిటీ ఫ్లైఓవర్ గుర్తుందా? 2019 నవంబర్‌లో కారు పైనుంచి కింద పడింది. 40 పరిమితి ఉన్న చోట వందకు పైగా వేగంలో వచ్చిందని పోలీసులు చెప్పారు. చనిపోయింది కింద రోడ్డు మీద నిలబడి ఉన్న మహిళ.

చలాన్_బాధితుడు
ఆ ఫ్లైఓవర్ మలుపు డిజైన్ మీద అప్పుడే ఎంతో చర్చ జరిగింది కదండీ. మళ్లీ తెరిచినప్పుడు స్పీడ్ తగ్గించే ఏర్పాట్లు అన్నీ చేశారు. ముందే చేసి ఉంటే? నేను కెమెరా వద్దనడం లేదు. కెమెరా పెట్టేసి మిగతా పని చేతులు దులుపుకోవడం వద్దంటున్నాను.

హైవే_పక్కిల్లు
మా అండర్‌పాస్‌లో నీళ్లు తోడించే పని కూడా అందులో చేర్చండి. అర్జీలు పెట్టి పెట్టి విసిగిపోయాం. గన్ మాత్రం ఒక్క జీపు వస్తే పెట్టేస్తారు. రెండిట్లో ఏది ముందు వస్తే అది తీసుకుంటాం, మాకు అంత ఛాయిస్ లేదు.

కోదాడ_కారు
బావకు ఫోన్ చేసి డిటెక్టర్ వద్దని చెప్పాను. డాష్‌క్యామ్ తెమ్మన్నాను. అక్క రాసిన ఊరు ఏదో నాకు తెలియదు కానీ, నార్కట్‌పల్లి దాటాక అలాంటివి నాలుగైదు గుర్తొచ్చాయి. అక్కడ తగ్గిస్తాను. ఊళ్లు లేని చోట మాత్రం 80 బోర్డు పెట్టడం అన్యాయమనే నా మాట, దాని మీద వెనక్కి తగ్గను.

ఇంకో సందేహం. నా చలాన్లలో ఒకదాని ఫొటో పెద్దది చేసి చూశాను. రంగు ఒకటే కానీ అది నా కారు కాదు, మోడలే వేరు. నంబర్‌లో చివరి అంకె 3 నో 8 నో తెలియడం లేదు. ఇది ఎలా తీయించుకోవాలి?

ప్లీడరు_గుమాస్తా
కట్టకండి, కడితే ఒప్పుకున్నట్టే. ఈ–చలాన్ సైట్‌లో ఫిర్యాదు పెట్టే చోటు ఉంటుంది. చలాన్ నంబర్ వేసి, ఆర్‌సీ కాపీ, మీ కారు ముందు, వెనక ఫొటోలు జత చేయండి. ప్లేటు స్పష్టంగా కనపడాలి. మోడల్ తేడా ఒక్క వాక్యంలో రాయండి, కథ రాయకండి. చలాన్ తెలంగాణదో ఆంధ్రదో ముందు చూసుకోండి, కోదాడ దాటగానే రాష్ట్రం మారుతుంది, సైట్లు వేరు. ఫిర్యాదు పెట్టిన స్క్రీన్‌షాట్ దాచుకోండి, రోడ్డు మీద ఆపి పెండింగ్ ఉందంటే చూపించడానికి.

ఎయిర్‌పోర్ట్_క్యాబ్
ప్లీడర్ సాబ్, బండి ఓనర్ పేరు మీద ఉంటే ఆ ఫిర్యాదు డ్రైవర్ పెట్టొచ్చా, ఓనరే పెట్టాలా? మా ఓనర్ ఫోన్ ఎత్తడు.

ప్లీడరు_గుమాస్తా
చలాన్ ఆయన పేరు మీద వస్తుంది కాబట్టి ఆయన పెట్టడమే మంచిది. ఆర్‌సీ, ఫొటోలు మీరు సిద్ధం చేసి ఆయనకు వాట్సాప్‌లో పంపండి. మీ లెక్కలో కట్ చేసేముందు ఫిర్యాదు నంబర్ ఇవ్వమని అడగండి.